మూడు పొయ్యిలు వద్దమ్మలూ

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి ఏదో నోటికొచ్చింది చెప్పేసి పెట్టేశా గానీ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. "మావయ్యా నాకు పాటొచ్చు, బొమ్మలొచ్చు, కథలు కూడా రాస్తా, పొద్దస్తమానం టెస్టింగ్ ఉద్యోగం, ఇందులో ఏది పట్టుకోవాలి ఏది వదిలెయ్యాలి" అన్నావు కదా, అసలు ఆ అడగడంలోనే తేడా ఉందనిపించింది నాకు. అందుకే ఇవాళ అరుగు మీద కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువు, కళ్ళజోడు మార్పించాలి.

పాటలకో ఇన్‌స్టా, బొమ్మలకో ఇన్‌స్టా, కథలకి ఇంకోటి తెరిచావంట, మీ అమ్మ చెప్పింది. మూడు పొయ్యిలు వెలిగించావు, ఒక్కదాని మీదా ఎసరు మరగలేదు. ఏదీ వదలక్కర్లేదమ్మా, పొయ్యి మాత్రం ఒక్కటే పెట్టు.

నా సంగతే చూడు. తెనాల్లో పగలు బోర్డులు రాసేవాణ్ణి, రాత్రుళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాణ్ణి. బ్రష్షు పట్టడం నేర్పినాయన తిట్టేవాడు, రెండు పడవల మీద కాళ్ళు పెట్టావురా, మునుగుతావు అని. నేనూ నిజమే అనుకున్నా చాన్నాళ్ళు. తర్వాత ఒక కిరాణా కొట్టు గోడ రాస్తుంటే తెలిసింది. శ్రీ లక్ష్మీ గణపతి కిరాణా అండ్ జనరల్ స్టోర్స్ అని రాయాలి, గోడేమో పొట్టిది. మామూలుగా అయితే పట్టినంత రాసేసి మిగతాది కింద లైన్లోకి తోసేస్తారు, పైన జన అని కింద రల్ అని ఉన్న బోర్డులు ఎన్ని చూశానో. అప్పట్లో రోజూ రాయబారం పద్యాలకి వాయిస్తున్నా కదా, కృష్ణుడు వేసేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడ తిత్తి మీద నా చెయ్యి కూడా నిదానించాలి, అలా అలవాటైపోయి ఆ గోడని కూడా నోట్లో చదువుకుంటూ ఊపిరి ఆగిన చోట లైను విరిచా, గణపతి దగ్గర ఒకటి, కిరాణా దగ్గర ఇంకోటి. ఇంకో తిప్పలేంటంటే క్ష్మీ కింద మ వత్తు వేలాడుతుంది, కింద లైన్లో ఏ గుడి దీర్ఘమో వచ్చి దానికి గుద్దుకుంటుంది, అక్కడ కాస్త జాగా వదలాలి, అది మాత్రం చెయ్యి చేసిన పనే, చెవికి సంబంధం లేదు. కొట్టాయన ఏమీ అనలేదు, డబ్బులు కూడా తగ్గించే ఇచ్చాడు, కానీ ఆ వీధిలో ఇంకో రెండు కొట్లు నన్నే పిలిచాయి.

అక్కడితో పొంగిపోయి మంచి దెబ్బ తిన్నాలే. ఒక నాటక పరిషత్తు పోటీలకి వెనక తెర నేనే వేస్తా, హార్మోనియం నేనే వాయిస్తా అని ఎగబడ్డా. నాకొచ్చిన పనితనమంతా ఆ తెర మీద పెట్టా, స్తంభాలు, నెమళ్ళు, జరీ అంచు తెరలు, బంగారు రంగు డబ్బాలు డబ్బాలు పోశా. నాటకం అయిపోయాక ఒక పెద్దాయన వచ్చి తెర బ్రహ్మాండంగా ఉందయ్యా, దుర్యోధనుడు ఎవరు వేశారు, కనపళ్ళేదు అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇంటికి వెళ్ళాక గానీ అర్థం కాలేదు నాకు. ఏ పనిలో అయినా ఒకటి ముందు నడవాలి, మిగతావి దానికి దీపం పట్టుకుని వెనక రావాలి. నాటకానికి పద్యం ముందు, నా తెర వెనక.

తోలుబొమ్మలాట వాళ్ళ దగ్గర ఇది కళ్ళారా చూశా. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట, 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరే. అక్కడ మేకతోలు శుభ్రం చేసేది వాళ్ళే, గీత గీసేది వాళ్ళే, రంగులు వేసేది వాళ్ళే, రాత్రయితే తెర వెనక బొమ్మ పట్టుకుని ఆడించి పాడేదీ వాళ్ళే. బొమ్మ నగల దగ్గర సన్నగా చిల్లులు పొడుస్తారు చూశావా, పగటి పూట చూస్తే ఒట్టి బెజ్జాలు, వెనక దీపం పెడితే వడ్డాణం వడ్డాణంలా మెరుస్తుంది. చిల్లు పొడిచే చేతికి రాత్రి దీపం ఎటు నుంచి పడుతుందో ముందే తెలుసు కాబట్టి అలా కుదిరింది. నీ పాట నీ బొమ్మకి అలా ఏదన్నా చెప్తోందా? చెప్పట్లేదు, ఎందుకంటే రెండిటినీ వేరే గదుల్లో పెట్టి తాళం వేశావు.

హరికథ ఒకప్పుడు ఇలాంటిదేగా. ఆదిభట్ల నారాయణదాసు గారికి కవిత్వం, సంగీతం, నాట్యం, ఇన్ని భాషలు ఉంటే ఏది వదలాలి అని కూర్చోలేదు, అన్నీ కాలి గజ్జెల మీదకి తెచ్చి కథ చెప్పాడు. అలాగని అన్నీ నువ్వే చెయ్యాలని కాదు సుమా. బాపు గారు బీఎల్ చదివారు, కార్టూన్లు వేశారు, సినిమా తీస్తే షాట్లు ముందే బొమ్మలుగా గీసుకునేవారు, ఆయన చేతిరాతే ఫాంటై కూర్చుంది. అంత ఉండీ కథా మాటల దగ్గరకొచ్చేసరికి ముళ్ళపూడి వెంకటరమణ గారికి వదిలేశారు. అది అందరికీ చేతకాదు.

ఇప్పుడు నీ పని. నిజం చెప్తా ఏమనుకోకు, నీ కథలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కాబట్టి మాటలు మీ అమ్మమ్మవి తీసుకో. ఆవిడకి అప్పగింతల పాటలు, మంగళహారతులు ఎన్నొచ్చో నాకే లెక్క తెలీదు. ఒక్క పాట తీసుకో, పది కాదు. ఆవిడ గొంతు ముందు నడవాలి, నువ్వు వెనక సన్నగా శ్రుతి పట్టు చాలు, గమకాలు వెయ్యకు, సంగీతం వర్ణాల దాకా నేర్చుకున్నానని అందరికీ తెలియక్కర్లేదు. చరణానికో బొమ్మ వెయ్యి. పెళ్ళికూతురి మొహం వెయ్యకు, మొహాలు నీకు సరిగ్గా రావు, చేతులు బాగా వేస్తావు, పసుపు చేతులు, గడప, పెట్టె తాళం, పాలగిన్నె ఇవి వెయ్యి, రానిదాన్ని దాచడం కూడా పనితనమే. ఇక నీ టెస్టింగ్ ఉద్యోగం పనికిరాదనుకున్నావు చూడు, అదే ఎక్కువ పనికొస్తుంది, తప్పులు వెతకడానికి నీకు జీతం ఇస్తున్నారు కదా, అలాగే పాటలో ఏ మాట వినపడట్లేదు, బొమ్మ ఎప్పుడు మారితే పాట తెగుతోంది అని రాసుకో, ఒక్కోటీ సరిచెయ్యి. రెండు వారాలు పెట్టుకో, అంతకి మించితే ఇంకా బాగు చేద్దాం అంటూ ఏడాది గడిపేస్తావు, నాకు తెలుసుగా. అప్పటిదాకా ఆ మూడు ఇన్‌స్టాల జోలికి పోకు.

ఉద్యోగం మాత్రం మానకు, ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫ్లెక్సీలు వచ్చాక మా బోర్డులు మూలపడితే నన్ను నిలబెట్టింది షాపు ఓపెనింగులకి ఆటోలో కూర్చుని మైకులో చెప్పడమే, పద్యాల గొంతు అలా పనికొచ్చింది.

ఈ శనివారం బండెక్కి వచ్చెయ్. ఒక్క మాట గుర్తుంచుకో, అమ్మమ్మా పాడవే అని ఫోన్ మొహం ముందు పెడితే ఆవిడ పాడదు, గొంతు పోయిందే అంటుంది. తెల్లవారుజామున అయిదింటికి పెరట్లో నందివర్ధనాలు కోస్తూ తనకి తనే పాడుకుంటుంది, ముందురోజే ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని బావి గట్టు మీద పెట్టేసి నువ్వు లోపలికొచ్చి పడుకో. మధ్యలో దగ్గుతుంది, ఆ దగ్గు తీసెయ్యకు.

మీ మావయ్య