పర్నిషస్ (pernicious) అనే ఇంగ్లీషు మాట గురించి

నాయనా, ఆశీస్సులు.

నీ కథలో తల్లి పాత్ర బాగుంది. కానీ మూడో పుటలో, కారు ఢీకొన్న కుర్రవాడిని చూసి ఇంగ్లీషు బాగా చదువుకున్న మేనమామ ‘పర్నిషస్ దెబ్బ తగిలింది’ అంటాడే, అక్కడ నా చదువు ఆగిపోయింది. ఏ పత్రికకు పంపాలి, నిడివి ఎంత ఉండాలి అని అడిగావు; ఆ సంగతులు ఇప్పుడు వద్దు.

క్షణంలో ఎముక విరిచే దెబ్బను ఎవరూ పర్నిషస్ అనరు. పుకారు, దురలవాటు, తప్పుడు సిద్ధాంతం, ఒక మనిషి ప్రభావం, ఇలా ఆనవాలు తెలియకుండా పాకి చివరికి నిలువునా కూల్చేవాటికే ఆ మాట చెల్లుతుంది. చెద పట్టిన ద్వారబంధం పైరంగు చెక్కుచెదరదు, వేలితో నొక్కితే లోపలికి దిగబడుతుంది. ఆ చేటు పర్నిషస్. విషవాయువుకైతే నాక్షస్ అనే మాట వేరే ఉంది. లాటిన్‌లో ‘నెక్స్’ అంటే హింసతో కూడిన చావు. దానికి ‘పూర్తిగా’ అనే అర్థమిచ్చే ‘పెర్’ చేరి, సర్వనాశనమనే అర్థంలో ‘పెర్నికియేస్’ పుట్టింది, ఈ విశేషణం దాని సంతానమే.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వైద్య వ్యాసం అనువదిస్తూ పర్నిషస్ అనీమియాను ‘ప్రాణాంతక రక్తహీనత’ అన్నాను. పాఠకులు జడుసుకుంటారని సంపాదకుడు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా దాన్ని ‘హానికరమైన రక్తహీనత’గా మార్చి అచ్చువేశాడు. ‘మేలు చేసే రక్తహీనత కూడా ఉందా?’ అని ఒక వైద్యుడు ఉత్తరం రాస్తే, ఆ నింద నా పేరు మీదే పడింది. ఆ కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు. 1926లో అమెరికా వైద్యులు మైనట్, మర్ఫీ రోగులకు కాలేయం తినిపించి ఫలితం చూపేదాకా ఆ జబ్బు సాధారణంగా చావుతోనే ముగిసేది. విపుల్ అనే మరో పరిశోధకుడితో కలిపి వాళ్లిద్దరికీ 1934లో నోబెల్ బహుమతి వచ్చింది; కాలేయంలో ఉండి ఆ జబ్బును అదుపుచేసే బి12 విటమిన్‌ను 1948లో వేరుచేశారు. ఇప్పుడు దానికి మందుంది, పేరులో మాత్రం నాటి చావు అలాగే ఉంది. అలాంటి మాటను ‘హానికరమైన’ అని చదును చేయడం నేను ఒప్పుకోను. విశేషణం కీడు ఎంతో చెబితే చాలదు, అది ఏ నడకతో వస్తుందో కూడా చెప్పాలి.

మేనమామ చేత ‘ఘోరమైన దెబ్బ’ అనిపించు. నీ ఐదో పుటలో, ఆ కుర్రవాడి చిన్నతనంలో తండ్రి రోజూ దీపం ఆర్పే ముందు ‘నీవల్ల ఏదీ కాదు’ అని మెల్లగా, ప్రేమగానే అంటూ ఉంటాడు కదా, పర్నిషస్‌ను అక్కడికి చేర్చి, ఆ పుట తిరగరాసి పంపు.