వేడి ఎక్కడ ఆగిపోతోందో ముందు చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. ఫోన్‌లో చెప్తే సగం నీకు అందదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కంప్యూటర్ పక్కన పెట్టుకుని చదువు.

షాపులో మదర్‌బోర్డు పోయిందన్నారని, కొత్తది కొనమన్నారని అన్నావు. మూత విప్పి చూశారా అంటే లేదన్నావు. మూత విప్పకుండా చెప్పిన మాటని పట్టుకుని డబ్బు ఖర్చు పెట్టొద్దు. ఆన్ చేసిన పావుగంటకి ఆగిపోతోంది, వెంటనే మళ్లీ ఆన్ చేస్తే రెండు నిమిషాలు కూడా ఉండటం లేదు, గంటాగి పెడితే మళ్లీ పావుగంట నడుస్తోంది. నువ్వు చెప్పిన ఈ లెక్కే నాకు చాలు. బోర్డు పోయిన మిషన్ సాధారణంగా ఇలా టైము ప్రకారం ఆగదు. ఇది వేడి. ప్రాసెసర్ కాలిపోకుండా తనని తాను కాపాడుకోవడానికి కరెంటు ఆపేయిస్తోంది. అంతకు ముందు కొన్నాళ్లు బాగా నెమ్మదించిందన్నావే, అదీ ఇందులో భాగమే. వేడెక్కిన ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ ఎవరూ పట్టించుకోకపోతే ఆగిపోతుంది.

మీ నాన్న 2010లో కొన్నప్పుడు దాన్ని బిగించింది నేనే. అందులో ప్రాసెసర్ ఇంటెల్ కోర్ టూ డుయో, ఈ7500. పూర్తి పని మీద ఉంటే ఆ చిప్ 65 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. పాత అరవై వాట్ల బల్బు ఎంత కాలేదో గుర్తుందిగా, అంత వేడి గోరంత ముక్కలోంచి బయటికి రావాలి. చిప్ నుంచి పైనున్న లోహపు మూతకి, అక్కడినుంచి దాని మీద పూసిన థర్మల్ పేస్టులోకి, పేస్టు నుంచి హీట్‌సింక్‌కి, అంటే వేడిని లాక్కునే అల్యూమినియం రేకుల దిమ్మకి, దాని రేకుల మధ్య నుంచి ఫ్యాన్ గాలికి, ఆ గాలి కేబినెట్ దాటి గదిలోకి. ఈ దారిలో ఎక్కడో ఒక చోట వేడి ఆగిపోతోంది. ఆ చోటు దొరికితే పని అయిపోయినట్టే.

ముందు కొలత తీసుకో. ఆన్ చేయగానే డిలీట్ మీట వరసగా నొక్కితే బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర, వస్తుంది. అందులో పీసీ హెల్త్ అనో హార్డ్‌వేర్ మానిటర్ అనో ఒక పేజీ ఉంటుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోందో అక్కడ కనిపిస్తాయి. పది నిమిషాలు అలాగే ఉంచి అంకె రాసుకో. దాని పక్కనే గది వేడి కూడా రాయి, ఇది చాలామంది మర్చిపోతారు. ఫ్యాన్ విసిరేది గది గాలినే కాబట్టి ప్రాసెసర్ ఎప్పుడూ గది కంటే చల్లగా ఉండలేదు. సంక్రాంతికి 28 డిగ్రీల గదిలో 50 చూపించిన మిషన్, ఏమీ చెడకపోయినా మే నెలలో నరసరావుపేటలో 40 డిగ్రీల గదిలో 62 చూపిస్తుంది. అది జబ్బు కాదు. రెండు అంకెల మధ్య తేడా చూడు. ఇరవై చుట్టుపక్కల ఉంటే దిగులు లేదు. నలభై దాటిందంటే దారి మూసుకుపోయింది.

ఇక విప్పడం. కొలత తీశాక మిషన్ ఇంకా వెచ్చగా ఉండగానే ఆపు, పేస్టు మెత్తబడి హీట్‌సింక్ సులువుగా వస్తుంది. ప్లగ్ గోడ నుంచి పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదులు, మిగిలిన కరెంటు పోతుంది. లోపల చెయ్యి పెట్టేముందు కేబినెట్ ఇనుముని ముట్టుకో. ఒంట్లో పేరుకుని ఉండే స్టాటిక్ కరెంటు చిప్పులకి తగలకుండా దాంట్లోకి పోతుంది.

మూత తీయగానే దుమ్ము కనిపిస్తుంది, కానీ కనిపించే దుమ్ము అసలు దోషి కాదు. ఫ్యాన్ పైనుంచి కిందికి ఊదుతుంది కదా, దుమ్మంతా ఫ్యాన్ కిందకి పోయి హీట్‌సింక్ రేకుల నెత్తిన పేరుకుంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే ఉంటాయి. రెక్కల సందులోంచి టార్చి వేసి చూడు. దూది, వెంట్రుకలు, వంటింటి నూనె జిడ్డు, అగరొత్తుల పొగ అన్నీ కలిసి బూడిదరంగు కంబళిలా అతుక్కుని ఉంటాయి. వేలితో తీస్తే చిన్న గుడ్డముక్కలా ఒకే తునకగా లేచొస్తుంది. మీ ఇంట్లో కంప్యూటర్ ఉన్నది వంటింటికీ దేవుడి మందిరానికీ మధ్య, అందుకే నాకు అనుమానం ముందు దీని మీదే. ఒక్కోసారి ఇంత కంబళి తీసేస్తేనే ఇరవై డిగ్రీలు దిగుతుంది.

బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని ఒక వేలితో ఆపి పట్టుకో. గాలికి మితిమీరి తిరిగితే దాని బేరింగ్ పాడవుతుంది. ఇంటి వాక్యూమ్ క్లీనర్ మాత్రం బోర్డు దగ్గరికి తీసుకెళ్లొద్దు, స్టాటిక్ పుట్టిస్తుంది. జిడ్డుగా అంటుకున్నదాన్ని పాత పెయింటింగ్ బ్రష్‌తో విదిలించు.

దుమ్ము తీశాక కూడా వేడి తగ్గకపోతే పేస్టు ఎండిపోయినట్టే. ఇన్నేళ్లకి అది గోడ సున్నంలా పెళుసుబారుతుంది. పేస్టు పని ఏంటంటే రెండు లోహాల మధ్య కంటికి కనపడని సందుల్లో గాలి లేకుండా చేయడం. గాలి వేడిని మోయడంలో అల్యూమినియం కంటే వేల రెట్లు అధ్వాన్నం. హీట్‌సింక్ నాలుగు మూలలా నల్లటి ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి, ప్రతిదాని నెత్తిన బాణం గుర్తు. ముందు ఫ్యాన్ వైరు తీసి, పిన్నులని బాణం చూపించిన వైపు, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా, పావు చుట్టు తిప్పి పైకి లాగు. హీట్‌సింక్‌ని బలంగా పీకకుండా అటూ ఇటూ మెల్లగా మెలిపెట్టి తీయి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (త్వరగా ఆరిపోయే స్పిరిట్)తో తడిపిన మెత్తటి గుడ్డతో ప్రాసెసర్ మీదా హీట్‌సింక్ అడుగునా అద్దంలా మెరిసేదాకా తుడువు. ఆరాక ప్రాసెసర్ నడిమధ్యన బియ్యపు గింజకి కొంచెం పెద్దగా కొత్త పేస్టు పెట్టు. వేలితో పులమొద్దు, హీట్‌సింక్ బరువుకే పరుచుకుంటుంది. ఎక్కువ పెడితే మంచిదని మాత్రం అనుకోకు.

తిరిగి బిగించేటప్పుడే అందరూ తప్పు చేస్తారు. నేనూ చేశాను. గుంటూరు అరండల్‌పేటలో షాపు పెట్టిన కొత్తల్లో ఒక టైలరు గారి కంప్యూటర్ ఇలాగే వేడెక్కి మూడుసార్లు తిరిగొచ్చింది. పేస్టు మార్చాను, ఫ్యాన్ మార్చాను, చివరికి ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలికి కరెంటు ఇచ్చే పెట్టె, కూడా మార్చాను. నాలుగోసారి బోర్డు బయటికి తీసి వెనక్కి తిప్పితే, నాలుగు పిన్నుల్లో ఒకటి పూర్తిగా దిగనేలేదు. పైనుంచి చూస్తే దిగినట్టే ఉంది. ఆ మూల వెంట్రుకంత సందు, దానికి ఆయన ఎస్‌ఎంపీఎస్ డబ్బులు కట్టారు. ఆ డబ్బు తిరిగిచ్చాను గానీ, పదిహేను రోజులు ఆయన పని ఆగిపోయింది. అది ఇప్పటికీ బాధే. అందుకే నువ్వు ముందు నాలుగు పిన్నులనీ గడియారం వైపు తిప్పి మామూలు స్థితికి తెచ్చుకో. తర్వాత ఎదురెదురు మూలలు రెండేసి చొప్పున బొటనవేళ్లతో నొక్కు. ఒక్కోటీ టక్కుమనాలి. నాలుగు టక్కులు లెక్కపెట్టు. హీట్‌సింక్ పట్టుకుని కదిపితే బోర్డుతో పాటే కదలాలి, విడిగా ఊగకూడదు. వీలైతే బోర్డు వెనకవైపు టార్చి వేసి చూడు, తెల్ల కాళ్ల మధ్య నుంచి నల్ల పుల్ల బయటికి పొడుచుకొచ్చి ఉండాలి. కాలు విరిగిన పిన్ను ఉంటే దాంతోనే సర్దుకోవద్దు. అవి విడిగా దొరుకుతాయి, లేదా ఫ్యాన్‌తో కలిపి మొత్తం సెట్టు కొను. ఫ్యాన్ వైరుని బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే గుచ్చు.

కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అర ఉంది చూడు, కేబినెట్‌ని అందులోంచి బయటికి తెచ్చెయ్. లోపల అంతా సరిగ్గా చేసినా, వెనక వదిలిన వేడి గాలినే ముందు నుంచి మళ్లీ పీలుస్తుంటే లాభం లేదు. గోడకి జానెడు ఎడం ఉంచు. మీ అమ్మ చెప్పినట్టు మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం పరీక్షలప్పుడు రెండు రోజులకి పనికొస్తుంది. అదే అలవాటు చేసుకుంటే దుమ్ము రెట్టింపు చేరుతుంది, బల్లులు దూరతాయి.

ఇవన్నీ అయ్యాక ఇంకా వేడెక్కితే టాస్క్ మేనేజర్ తెరిచి, నువ్వు ఏమీ చేయనప్పుడు కూడా సీపీయూ నూటికి నూరు పని చేస్తోందేమో చూడు. అలా ఉంటే దాన్ని తినేసే ప్రోగ్రాం ఏదో పట్టుకుని తీసేయాలి. ఎండాకాలం గడిచేదాకా విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 80 శాతానికి తగ్గించు. పాఠాలు చూసుకోవడానికి, టైపింగ్‌కి తేడా తెలియదు. బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే మాత్రం నువ్వేం చేయకు, ఫోటో తీసి నాకు పంపు. ఎస్‌ఎంపీఎస్ పెట్టె మూత ఎట్టి పరిస్థితుల్లో విప్పొద్దు. ప్లగ్ పీకినా దాంట్లో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది.

ఆదివారం పగలు వెలుతురులో చెయ్యి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. విప్పేముందు ప్రతి వైరుకీ ఒక ఫోటో తీసుకో. స్క్రూలు గిన్నెలో వేసుకో, చాప మీద పెడితే దొరకవు. సాయంత్రం ఆ రెండు అంకెలూ నాకు మెసేజ్ పెట్టు, విప్పకముందు ఎంత, బిగించాక ఎంత, పక్కన గది వేడి కూడా.

మీ మామయ్య