వీసా కాగితం మీద ఒక్క అంకె

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ అనేక ఆశీస్సులతో వ్రాయునది.

నువ్వు నీ స్నేహితురాలితో కలిసి పారిస్ వెళుతున్నావని, మధ్యలో మూడు రోజులు లండన్‌లో అన్నయ్య ఇంట్లో ఉండి, మళ్ళీ పారిస్ వచ్చి అక్కడి నుంచి హైదరాబాదు విమానం ఎక్కుతావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ జీతంలోంచి నెలనెలా కూడబెట్టుకుని ఇంత దూరం వెళుతున్నావని ఆ పూటంతా కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పారిస్, లండన్, మళ్ళీ పారిస్ అన్నది 2018లో మేము వేసుకున్న దారే తల్లీ.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టు పదేళ్ళలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకుండా, షెంగెన్ దేశాలన్నిటికీ, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమికంతటికీ, వర్తించేలా తీసుకో. రుసుము పెద్దవాళ్ళకు 90 యూరోలు, వీసా రాకపోయినా అది తిరిగి ఇవ్వరు. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజుల్లో తేల్చాలని నియమం ఉన్నా నలభై అయిదు రోజుల దాకా పట్టవచ్చు. కాబట్టి మూడు నెలల ముందే వెళ్ళు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. బ్రిటన్ షెంగెన్ కూటమిలో ఏనాడూ లేదు. కూటమిలోని 29 దేశాల మధ్య ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా అది ఒక్క ప్రవేశమే గాని, లండన్ రైలెక్కావంటే బయటికి పోయినట్టే, తిరిగి వస్తే రెండోసారి ప్రవేశించినట్టే. మా దరఖాస్తు ఒక ట్రావెల్ ఏజెంటు నింపాడు. ఎన్ని ప్రవేశాలు కావాలన్న ప్రశ్న దగ్గర అతను ‘ఒకటి’ అన్న గడిలో గుర్తు పెట్టాడు, నేను చదవకుండా కింద సంతకం చేశాను. ముప్పయ్యేళ్ళు బడిలో పిల్లలకు ప్రశ్నపత్రం రెండుసార్లు చదవమని చెప్పినదాన్ని నేనే. వీసా వచ్చిన రోజు పాస్‌పోర్టులను దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టానే గాని, లోపల అంటించిన కాగితం మీద ఫ్రెంచిలో ఏముందో ఎవరినీ అడగలేదు.

పారిస్‌లో నాలుగు రోజులు బాగానే గడిచాయి. పెద్ద పెట్టె హోటలులో వదిలి, చేతిసంచితో గార్ దు నోర్ స్టేషనుకు వెళ్ళాము. ఫ్రెంచి పోలీసులు బయటికి పోతున్నట్టు ముద్ర వేశారు, నాలుగడుగుల అవతల బ్రిటన్ అధికారులు లోపలికి వస్తున్నట్టు ముద్ర వేశారు. తిరుగు ప్రయాణంలో లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషనులో, రైలెక్కకముందే ఫ్రెంచి పోలీసుల తనిఖీ ఉంటుంది. అక్కడ కూర్చున్న అమ్మాయికి నీ వయసే ఉంటుంది. వీసా పేజీ తెరిచి, ‘నోంబ్ర్ దాంత్రే’, అంటే ఎన్ని ప్రవేశాలు, అన్న మాట పక్కనున్న 1 అంకె మీద వేలు పెట్టి, మా ముఖాలకేసి చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఎంత బతిమాలినా చేసేదేముంది, తప్పు ఆ పిల్లది కాదు. మీ పెదనాన్నగారి షుగరు మాత్రలన్నీ పారిస్‌లోని పెట్టెలో ఉన్నాయి, లండన్‌లో డాక్టరు చీటీ లేనిదే మాత్ర ఇవ్వరు. అన్నయ్య ఆఫీసు మానుకుని ఆయన్ను డాక్టరు దగ్గరికి తిప్పాడు. పారిస్ నుంచి ఉన్న తిరుగు టికెట్లు పోయి, లండన్ నుంచి కొత్తవి కొనవలసి వచ్చింది. పెట్టె మూడు నెలలకు తెలిసినవాళ్ళ చేతిలో ఇల్లు చేరింది.

అందుకని, వీలుంటే లండన్‌ను మధ్యలో పెట్టకు. మొదట గాని చివర గాని పెట్టుకుంటే ఈ బెడదే లేదు. మధ్యలోనే కావాలంటే ముందు బ్రిటన్ వీసా తెచ్చుకుని, దాని నకలూ, రానూ పోనూ రైలు టికెట్లూ జతపరిచి, దరఖాస్తులో ఒకటికి మించిన ప్రవేశాలు అడుగు. అడిగినంత మాత్రాన ఇస్తారన్న హామీ లేదు. పాస్‌పోర్టు చేతికి రాగానే అక్కడే నిలబడి తేదీలూ, రోజులూ, ప్రవేశాలూ మూడూ చదువు. తేదీల మధ్య నెల రోజులున్నా, ఉండదగిన రోజులు 15 అని ఉంటే పదిహేనే. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలూ, ముఖచిత్రమూ తీసి రాకపోకలు కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి మొదలుపెట్టారు, ఒక్కరోజు ఎక్కువున్నా తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఖాతాలో చూపించడానికి మీ నాన్నను హఠాత్తుగా మూడు లక్షలు వేయమన్నావట. అలా చేయకు. ఎక్కడిదో తెలియని పెద్ద మొత్తం చూస్తే వాళ్ళకు లేని అనుమానం వస్తుంది. నీ జీతం చీటీలూ, సెలవు మంజూరు పత్రమూ, నెలనెలా నువ్వు దాచుకున్న లెక్కా ఉండగా నీకు అరువు డబ్బు దేనికమ్మా? నాన్నే ఖర్చు పెట్టుకుంటుంటే ఆ మాటే లేఖలో రాయించు.

వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానిస్తారని లేదు. పారిస్‌లో దిగే షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో హోటలు, తిరుగు టికెట్టు, బీమా, డబ్బు గురించి అడగవచ్చు. ఆ కాగితాలు చేతిసంచిలో ఉండాలి. మందులూ అందులోనే, డాక్టరు చీటీతో సహా. నీకు షుగరు లేదని నాకు తెలుసు, అయినా జ్వరం మాత్ర దగ్గర నుంచి అన్నీ చేతిసంచిలోనే పెట్టు.

పారిస్ దగ్గరున్న వెర్సాయ్ కోటను మీ పెదనాన్నగారు ఇష్టంగా ఆఖరి రెండు రోజులకు దాచుకున్నారు. లండన్ నుంచి వచ్చాక తీరిగ్గా చూద్దామన్నారు, చూడనే లేదు. ఇంతవరకు ఆ సంతకం గురించి నన్ను ఒక్క మాట అనలేదు. నువ్వు మాత్రం వెళ్ళిన రెండో రోజే చూసెయ్యి. సోమవారం మూసి ఉంటుంది, రోజు చూసుకుని వెళ్ళు. అక్కడి నుంచి ఆయనకు ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ