ఎయిర్ రైఫిల్ సందేహాలు: పట్టు సడలిస్తేనే గురి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్ప్రింగ్ రైఫిళ్ల గురించే. గుంటూరు అరండల్‌పేటలో నా రిపేరు బల్ల మీదకు వచ్చేవీ ఎక్కువగా అవే కాబట్టి ఈసారికి వాటికే జవాబులు. గాలి సిలిండర్ ఉండే పీసీపీల సంగతి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: స్కోప్‌తో (గురి చూసే దుర్బిణితో) సహా కొత్త ఎయిర్ రైఫిల్ కొన్నాను. డాబా మీద పది మీటర్ల దూరంలో కాగితం పెట్టి, పిట్టగోడ మీద రైఫిల్ ఆనించి కొడుతున్నాను. కదలకుండా ఎంత బిగించి పట్టుకున్నా ఐదు పెల్లెట్లు (సీసం గుళ్లు) ఐదు చోట్ల పడుతున్నాయి. అమ్మినాయన బ్యారెల్ వంగి ఉంటుందేమో అంటున్నాడు. — పటమట, విజయవాడ

జవాబు: బ్యారెల్ జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి. బ్యారెల్ నిజంగా వంగి ఉంటే పెల్లెట్లన్నీ ఒకే పక్కకు పోతాయి గానీ ఇలా చెల్లాచెదురుగా పడవు. నా అనుమానమంతా ఆ పిట్టగోడ మీద, మీ బిగింపు మీద.

ట్రిగ్గర్ నొక్కగానే నొక్కుకుని ఉన్న స్ప్రింగ్ విడివడి పిస్టన్‌ని ముందుకు తోస్తుంది. ఆ తోపుకి రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ గొట్టం చివరికెళ్లి, అక్కడ ఇరుక్కున్న గాలి మీద టక్కున ఆగేసరికి రైఫిల్ మళ్లీ ముందుకు గుంజుకుంటుంది. అంతా కలిపి సెకనులో వందో వంతు అటూ ఇటూ. చిక్కెక్కడంటే, పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే ఈ కుదుపు మొదలైపోతుంది. దాన్ని మీరు ఆపలేరు. ప్రతిసారీ ఒకేలా కుదిపేలా చూడటం ఒక్కటే మీ చేతిలో ఉంది. బిగించి పట్టుకుంటే ఒకసారి బిగువు ఎక్కువ, ఇంకోసారి తక్కువ అవుతుంది. సిమెంటు గోడ మీద ఆనిస్తే రైఫిల్ దాని మీంచి ఎగిరిపడుతుంది.

అందుకే షూటర్లు ఆర్టిలరీ హోల్డ్ వాడతారు. గోడ మీద మెత్తటి దిండో, ఇసుక సంచో పెట్టి, దాని మీద మీ ఎడమ చెయ్యి ఉంచండి. అరచెయ్యి తెరిచి, పసిబిడ్డ తల కింద చెయ్యి పెట్టినట్టు, రైఫిల్ ముందు చెక్క దాని మీద ఊరికే కూర్చోవాలి. వేళ్లు చుట్టకూడదు. భుజానికి ఆనీ ఆననట్టు, చెంప తగిలీ తగలనట్టు. కుడిచేతి బొటనవేలు కూడా చుట్టకుండా పక్కన పెడితే ఇంకా మంచిది. గురి చూశాక కళ్లు మూసుకుని ఒక ఊపిరి తీసి వదిలి, కళ్లు తెరవండి. స్కోప్‌లో కనిపించే క్రాస్ గీతలు పక్కకు జరిగి ఉంటే చేత్తో లాగొద్దు, కూర్చున్న తీరు మార్చండి. పెల్లెట్ పోయాక కూడా తల ఎత్తకుండా స్కోప్‌లోనే చూస్తూ ఉండండి. కుదుపు తగ్గాక క్రాస్ మొదట చూసిన చోటికే వచ్చి నిలిచిందంటే మీ పట్టు కుదిరినట్టు.

అరచెయ్యి ఎక్కడ ఉండాలో ఒక్కో రైఫిల్‌కి ఒక్కోలా ఉంటుంది. ట్రిగ్గర్ గార్డ్‌కి కాస్త ముందు పెట్టి ఐదు కొట్టండి. రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు జరిపి కొత్త కాగితం మీద ఇంకో ఐదు. ఇలా జరుపుకుంటూ పోతే ఒకచోట పెల్లెట్ బొక్కల గుంపు దగ్గరపడుతుంది. అక్కడ చెక్క మీద చిన్న టేపు ముక్క అంటించుకోండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు మరలు చూసుకోండి. ముందు చెక్కకు రెండు పక్కలా ఉన్నవీ, ట్రిగ్గర్ గార్డ్ దగ్గరిదీ ఈ కుదుపులకు మెల్లగా వదులవుతాయి. గురి తప్పుతోందని నా దగ్గరికి తెచ్చిన రైఫిళ్లలో చాలావాటికి నేను చేసిన వైద్యం స్క్రూడ్రైవర్ తిప్పడమే. స్కోప్ కూడా కుదుపుకి వెనక్కి జారుతుంది, దాన్ని పట్టి ఉంచే మౌంట్ వెనకాల అడ్డు మర ఉందో లేదో చూడండి. ఎయిర్ రైఫిల్ కోసం చేసిన స్కోపే వాడాలి. రెండు వైపులా తగిలే ఈ దెబ్బకి మామూలు తుపాకీ స్కోపులు లోపల విరిగిపోతాయి. వాటిలో చాలావాటికి దూరం కూడా వంద మీటర్లకో ఇంకా పైకో కుదిర్చి ఉంటుంది. పది మీటర్లకి వాడితే కన్ను కొంచెం జరిగినా గురి జరుగుతుంది.

అన్నట్టు, కాగితం వెనక ఏం పెట్టారో రాయలేదు. ఇటుకా రాయీ వద్దు, సీసం ఎగిరి వెనక్కి వస్తుంది. చెక్కపెట్టె నిండా పాతబట్టలు కుక్కి పెట్టండి. పటమటలో పక్క డాబా ఎంత దగ్గరో నాకు తెలుసు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. షూటింగ్ పోటీల మీద ఆసక్తి. దుకాణంలో వెయ్యి అడుగుల వేగం ఉన్న రైఫిల్ చూపించి ఇదే తీసుకోమంటున్నారు. కొనమంటారా? — బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దండి. సెకనుకు వెయ్యి అడుగులంటే ఎంతో లెక్క చూడండి. మన 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా కొనుక్కునే ఎయిర్ రైఫిల్ బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకూడదు. మామూలుగా వాడే అర గ్రాము పెల్లెట్ వెయ్యి అడుగుల వేగంతో పోతే అది 23 జౌల్స్ అవుతుంది. అంటే ఆ వేగం దూదిలాంటి తేలిక పెల్లెట్‌తో కొలిచిందైనా అయ్యుండాలి, లేదా ఆ రైఫిల్ హద్దు దాటిందైనా అయ్యుండాలి. రెండూ మీకు పనికిరావు. స్ప్రింగ్ ఎంత బలమైనదైతే కుదుపు అంత ఎక్కువ, నేర్చుకునేవాళ్లకు అంత కష్టం.

2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన 10 మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే రైఫిళ్ల వేగం సుమారు 570 అడుగులే. ఇప్పుడు ఆ పోటీల్లో వాడేవి పీసీపీలు. కాబట్టి అమ్మాయికి స్ప్రింగ్‌ది నేర్చుకోవడానికి మాత్రమే. మూడు కిలోలకు మించని బరువు, తను ఒక్కతే బ్యారెల్ మడిచి స్ప్రింగ్ ఎక్కించగలిగేంత బిగువు, మొదట తేలిగ్గా కదిలి తర్వాత తిన్నగా తెగే రెండు దశల ట్రిగ్గర్, అద్దాల్లేని మామూలు ఓపెన్ సైట్లు. స్కోప్ అక్కర్లేదు. దుకాణంలోనే అమ్మాయి చేత పదిసార్లు మడిపించి చూడండి. మొహం ఎర్రబడితే పక్కన పెట్టించండి. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చెయ్యి బ్యారెల్ మీద ఉండాలన్నది మొదటి రోజే అలవాటు చేయండి. స్ప్రింగ్ జారి బ్యారెల్ మూసుకుందంటే వేలు నలిగిపోతుంది. పది మీటర్లకి ముక్కు బల్లపరుపుగా ఉన్న పెల్లెట్లు కొనండి, కాగితం మీద గుండ్రటి బొక్క పడుతుంది.

ప్రశ్న: తుప్పు పట్టకుండా బ్యారెల్ వెనక రంధ్రంలో కొబ్బరినూనె రెండు చుక్కలు వేశాను. ఇప్పుడు కొడితే టపాకాయలా పేలి పొగ వస్తోంది. పవర్ పెరిగిందని మావాళ్లు సంబరపడుతున్నారు. — మంగళగిరి

జవాబు: సంబరం ఆపమనండి. పిస్టన్ నొక్కినప్పుడు గాలి విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె అంటుకుని పేలుతోంది. డీజిల్ ఇంజన్ సూత్రమే. ఆ పేలుడు పిస్టన్‌ని వెనక్కి తన్నుతుంది. స్ప్రింగ్ విరుగుతుంది, గాలి పోకుండా పిస్టన్‌కి ఉండే సీలు కాలుతుంది. కొత్త రైఫిల్‌లో ఫ్యాక్టరీ గ్రీజు వల్ల మొదట్లో కొంచెం పొగ, వాసన మామూలే, వాడగా తగ్గిపోతుంది. మీది అది కాదు. కొట్టడం ఆపి, స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న మెకానిక్ చేత విప్పించి తుడిపించండి. ఇంట్లో విప్పొద్దు, లోపలి స్ప్రింగ్ విప్పే ముందే నొక్కుకుని ఉంటుంది, మొహాన తంతుంది. తోలు సీలున్న పాత రైఫిళ్లకు మాత్రం అప్పుడప్పుడూ నూనె చుక్క కావాలి. ఇప్పటి ప్లాస్టిక్ సీళ్లకు అక్కర్లేదు. తుప్పు భయమైతే బ్యారెల్ పైభాగాన్ని నూనెగుడ్డతో తుడవండి, చాలు. ఇంకొకటి, పెల్లెట్ లేకుండా ఉత్తగా ట్రిగ్గర్ నొక్కకండి. గాలి అడ్డం లేక పిస్టన్ ఇనుముకి ఇనుము కొట్టుకుంటుంది.

ప్రశ్న: నున్న దగ్గర మా మామిడితోటలో చిలకలు కాయలు పాడుచేస్తున్నాయి. ఎయిర్ గన్‌తో బెదిరించొచ్చా? — విజయవాడ

జవాబు: కూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిలకను కొట్టడం నేరం. కోతినో కుక్కనో గాయపరిచినా జంతుహింస కేసే. వల వేయించండి.

ప్రశ్న: కోటప్పకొండ తిరునాళ్లలో బుడగల స్టాల్ దగ్గర ఒక్కటీ పగలలేదు. మా తమ్ముడు నవ్వుతున్నాడు. ఆ రైఫిళ్లు కావాలనే అలా పెడతారా? — నరసరావుపేట

జవాబు: కావాలని పెట్టక్కర్లేదమ్మా. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరు పడితే వాళ్లు బ్యారెల్ విసిరి మూస్తుంటే కీలు వదులైపోతుంది, సైటు పక్కకు తిరుగుతుంది. అక్కడ గురి చూడటం దండగ. మొదటిది బుడగల మధ్యలో ఉన్న చెక్క మీద కొట్టి, పెల్లెట్ ఎక్కడ తగిలిందో చూడండి. ఎడమకి నాలుగు వేళ్లు పోయిందా, ఆ తర్వాత నుంచి బుడగకి కుడివైపు నాలుగు వేళ్లు దూరంగా గురి పెట్టండి. ఈసారి మీ తమ్ముణ్ణి ముందు కొట్టమనండి, మీరు పక్కన నిలబడి అతని మొదటి పెల్లెట్ ఎటు పోయిందో చూసుకోవచ్చు.