మెయిల్ చూశానని ఒక్క ముక్క రాయండి

అమెరికా నుంచి సెలవులకు గుంటూరు వచ్చి పది రోజులైంది. బ్రాడీపేటలో మా వెనక వీధి కుర్రాడు ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ వెళ్తున్నాడు. ‘అన్నా, ఏమేం తీసుకెళ్లాలి?’ అని అడగడానికి నిన్న వచ్చాడు. ఆవకాయ, కుక్కర్ సంగతి వాళ్లమ్మగారు చూసుకుంటారు. నేను మాత్రం మెయిల్ తెరవమన్నాను. చదవనివి నాలుగు వేలు దాటాయి. అసలు ఆ ఐడీ వాడు పెట్టుకున్నది కాదు. ఎంసెట్ దరఖాస్తు నింపిన నెట్ సెంటర్ అతను క్రియేట్ చేసి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చాడట. రికవరీ నంబరు, అంటే పాస్‌వర్డ్ మార్చాలంటే కోడ్ వచ్చే ఫోన్ నంబరు, ఎవరిదో వీడికి తెలియదు. యూనివర్సిటీ పంపిన ఐ-20 పత్రం, వీసా రసీదులు అన్నీ అందులోనే!

బెజవాడ, గుంటూరు పిల్లల్లో ఇది చాలామంది సంగతి. విమానం ఎక్కే ముందే పాస్‌వర్డ్ మార్చి, రికవరీకి అమ్మదో నాన్నదో నంబరు ఇవ్వండి. మీ ఇండియా సిమ్ 90 రోజులు వాడకపోతే రద్దయ్యే అవకాశం ఉంది.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్నది జవాబు గురించి. మనకు మెయిల్ అంటే ఓటీపీలు, టికెట్లు వచ్చే చోటు. పని ఉంటే ఫోన్ చేస్తారులే అనుకుంటాం. అక్కడ ఎవరూ ఫోన్ చేయరు. ప్రొఫెసర్, అపార్ట్‌మెంట్ ఆఫీసు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు, అందరూ మెయిలే పెడతారు. మీరు పలకకపోతే మీకు అక్కర్లేదనుకుని ముందుకెళ్లిపోతారు. నేను వెళ్లిన మొదటి ఏడాది, ‘లీజు అయ్యాక ఉంటారా, ఖాళీ చేస్తారా, 60 రోజుల ముందు రాసి చెప్పండి’ అని రెండు మెయిళ్లు వచ్చాయి. చదివాను, చదివాను కదా అని ఊరుకున్నాను. ఖాళీ చేసే రోజున రెండు నెలల అద్దె కట్టమన్నారు. నాన్న అప్పు తీర్చడానికి దాచిన డబ్బు అది. ఇప్పటికీ తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ‘మెయిల్ చూశాను, గురువారంలోగా చెబుతాను’ అంటే చాలు. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అక్కడ ఉదయం 9 అంటే ఇక్కడ రాత్రి 7:30. ఇప్పటినుంచే రాత్రి భోజనం కాగానే ఒకసారి మెయిల్ చూసుకోవడం అలవాటు చేసుకోండి. యూనివర్సిటీ ఐడీ వచ్చాక దాన్ని అసలే వదలొద్దు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు ఇల్లు మారితే 10 రోజుల్లో తెలియజేయాలి. అలాంటివి గుర్తుచేసే మెయిళ్లు ఆ ఐడీకే వస్తాయి.

రాసే తీరు గురించి కొంచెం. ‘రెస్పెక్టెడ్ సర్’ బదులు ‘డియర్ ప్రొఫెసర్’ అని ఆయన ఇంటిపేరు రాయండి. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే మనకు సందేహం అడగడం, వాళ్లకు మాత్రం నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. ‘క్వశ్చన్’ అనండి. ‘డూ ది నీడ్‌ఫుల్’ అని వదిలేయకుండా ఏం కావాలో, ఎప్పటికి కావాలో చెప్పండి. 04/05 అంటే వాళ్లకు ఏప్రిల్ 5, అందుకే నెలను అక్షరాల్లో రాయండి. కోపంలో రిప్లై ఆల్ నొక్కకండి. జీమెయిల్‌లో పంపినదాన్ని వెనక్కి తీసుకునే గడువు సెట్టింగ్స్‌లో పెంచుకున్నా 30 సెకన్లే.

కుర్రాడు నిన్న రాత్రే పాస్‌వర్డ్ మార్చబోయాడు. కోడ్ ఆ తెలియని నంబరుకే పోయింది. వాళ్లమ్మగారికి ఒకటే టెన్షన్. రేపు పొద్దున్నే ఇద్దరం అరండల్‌పేట వెళ్లి ఆ నెట్ సెంటర్ అతన్ని వెతకాలి.