సెల్టిక్ శిలువ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. నీకు చెయ్యి తిరిగింది, అందులో అనుమానం లేదు. కానీ మొదటి పేరాలోనే, సూర్యుణ్ణి కొలిచే ఐర్లండ్ జనాన్ని దారికి తెచ్చుకోవడానికి అక్కడ క్రైస్తవం ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ శిలువ చేతులు కలిసే చోట వలయంలా సూర్యబింబం తగిలించాడని, అదే సెల్టిక్ శిలువ అయిందని, దగ్గరుండి చూసినట్టు రాసేశావు చూడు, అక్కడే నాకు కాలింది. పాట్రిక్ 5వ శతాబ్దం మనిషి. వలయం ఉన్న పెద్ద రాతి శిలువలు ఐర్లండ్‌లోనూ పశ్చిమ స్కాట్లండ్‌లోనూ కనిపించేది 8వ శతాబ్దం నుంచి. మధ్యలో అన్నేళ్లు ఏమైనట్టు? పాట్రిక్ సొంతంగా రాసినవి రెండే మిగిలాయి, రెండూ కలిపి ఒక్క పూటలో చదివేయొచ్చు. వాటిలో ఈ కథ లేదు సరికదా, సూర్యుణ్ణి పూజించేవాళ్లకి శిక్ష తప్పదని ఒకచోట ఖరాఖండిగా అంటాడు. అలాంటి మనిషి చేత సూర్యబింబం చెక్కిస్తున్నాం మనం!

ఇలాంటి కథ కంటపడితే మొదట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని వెతుకు. దొరక్కపోతే జనం చెప్పుకునే మాట అని రాసెయ్. వాక్యం కాస్త చప్పబడుతుంది, పడనీ.

అసలు మజా రాళ్ల దగ్గరే ఉంది. 563లో ఐర్లండ్ సన్యాసి కొలంబా మఠం కట్టిన, పశ్చిమ స్కాట్లండ్ తీరంలోని అయోనా దీవిలో సెయింట్ జాన్ శిలువ అని ఒకటుంది. చేతులు ఈ కొస నుంచి ఆ కొసకి 2 మీటర్ల పైనే. ఒకే బండ కాదది. ఒక ముక్కకి కొన తీసి, ఇంకో ముక్కకి బెజ్జం కొట్టి, అచ్చం కర్రపనిలా బిగించారు. రాయి అన్నాక అంత బరువు ఆగుతుందా, పడిపోయింది. మళ్లీ నిలబెట్టినప్పుడు చేతులకీ స్తంభానికీ మధ్య వంపు తిరిగిన ముక్కలు పెట్టారు, అవి వేరే రకం రాయి. అందుకే ఆ వలయం ఆసరాగా పుట్టిందేమోనని కొందరు పరిశోధకులు అంటారు. నా మొగ్గూ అటే. మరి ఆసరా అక్కర్లేని చిన్న శిలువలకి కూడా వలయం ఎందుకు చెక్కారు? ఇక్కడ ఇంకో వాదం వస్తుంది. 4వ శతాబ్దం రోమన్ క్రైస్తవ కళలో క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాల చుట్టూ విజయమాల వేసేవారు, వలయం దాని వారసత్వమే అని. కాప్టిక్, అంటే ఈజిప్టు క్రైస్తవుల, నేత బట్టల మీద శిలువ చుట్టూ ఉన్న వలయాన్ని చూపించేవాళ్లూ ఉన్నారు. వీటిలో ఒకటి గెలిచి తీరాలని నీకెందుకంత టెన్షన్? ఆసరా కోసం పెట్టినదాంట్లో చూసేవాళ్లకి విజయమాల కనిపించి ఉండొచ్చు కదా. ఏ వాదానికి ఏ ఆధారమో చెప్పు, నీ మొగ్గు ఎటో చెప్పు, చాలు.

బ్రిటన్ చరిత్ర భాగంలోనూ ఇదే తొందర. 5వ శతాబ్దపు బ్రిటన్ పాలకుడు వోర్టిజెర్న్ జర్మనీ వైపు నుంచి శాక్సన్లని పిలిచి దేశం అప్పగించిన ద్రోహి అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 829-30 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన బ్రిటన్ల చరిత్ర, హిస్టోరియా బ్రిటోనమ్ అయితే అలాగే దుమ్మెత్తిపోస్తుంది, బిషప్ సెయింట్ జెర్మానుస్ అతన్ని శపించాడని కూడా అంటుంది. కానీ అదే శతాబ్దంలో ఉత్తర వేల్స్‌లో, లాంగోలెన్ దగ్గర, పోవిస్ అనే వేల్స్ రాజ్యపు రాజు కింగెన్ తన ముత్తాత ఎలిసెగ్ పేరిట ఒక శిలువ నిలబెట్టించాడు. దాని మీద వోర్టిజెర్న్ కొడుకుని అదే జెర్మానుస్ ఆశీర్వదించాడని చెక్కించాడు. వాళ్లకి అతను వంశకర్త, గొప్పగా చెప్పుకునే పెద్ద! నిజం ఎవరిదో తేల్చడం కన్నా, ఇంచుమించు ఒకే కాలంలో ఒకే మనిషికి ఇన్ని ముఖాలు ఎవరికి ఎందుకు కావాల్సొచ్చాయో రాస్తే పాఠకుడు వదలడు. ఇంకోటి, ఆ శిలువ స్తంభం మీద అక్షరాలు ఇప్పుడు దాదాపు అరిగిపోయాయి. మనం చదువుతున్నది 1696లో వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ ఎత్తిరాసుకున్న ప్రతి. ఆ సంగతి పాఠకుడికి దాచకు.

చివరగా నువ్వు పెట్టిన రూత్‌వెల్ శిలువ ఫోటో. అది ఇప్పుడు స్కాట్లండ్‌లో ఉన్నా చెక్కింది ఆంగ్లియన్లనే జర్మానిక్ జనం ఏలిన నార్తంబ్రియా రాజ్యంలో, దాని మీద రూన్లనే పాత జర్మానిక్ లిపిలో పాత ఇంగ్లీషు పద్యపాదాలున్నాయి, పైగా వలయమే లేదు. 1642లో ముక్కలు చేశారు. ఫోటోలో కనిపించే అడ్డచేతులు 1823లో కొత్తగా చేయించినవి. ఫోటో తీసెయ్, లేదంటే కింద ఇవన్నీ రాసి నాకు మళ్లీ పంపు.