రెండోసారి గుండె ఆపరేషన్‌లో మెదడును ఎలా కాపాడతారు? తలకు ఐస్ పెడితే సరిపోతుందా?

ఐస్ పెట్టే మాట నిజమే. కానీ మెదడును కాపాడే అసలు పని రొమ్ము ఎముక మీద రంపం పెట్టకముందే, కుడి కాలర్‌బోన్ కింద జరగాలి.

మొదటి ఆపరేషన్ తర్వాత గుండె, అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని), పాత గ్రాఫ్టులు (అప్పుడు కుట్టిన రక్తనాళాలు) రొమ్ము ఎముక వెనక అతుక్కుపోతాయి. సీటీ స్కాన్‌లో ఎముకకూ అయోర్టాకూ మధ్య సందు కనిపించలేదంటే రంపానికి రెండూ తెగొచ్చు. తెగిందా, ఛాతీ ఇంకా తెరుచుకోలేదు కాబట్టి క్లాంప్ (రక్తనాళాన్ని నొక్కిపట్టే పట్టుకారు) వేసే చోటుండదు, రక్తం ఉబికొస్తుంది, బీపీ పడిపోతుంది. మామూలు వేడిలో రక్తం అందకపోతే మెదడు తట్టుకునేది 4-5 నిమిషాలే. అప్పుడు హార్ట్-లంగ్ మిషన్ (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) తగిలించడానికి తొడలో రక్తనాళం వెతకడం మొదలుపెడితే ఏం లాభం?

అందుకే కుడి కాలర్‌బోన్ కింద ఉండే యాక్సిలరీ ధమనికి (చేతికి రక్తం తీసుకెళ్లేది) ముందే 8 మిల్లీమీటర్ల గ్రాఫ్ట్ (కృత్రిమ గొట్టం) కుట్టి, తొడ సిరలో పైపు వేసి, హార్ట్-లంగ్ మిషన్ సిద్ధంగా ఉంచాలి. తొడ ధమనిలోంచి రక్తాన్ని ఎదురుదిశలో పైకి పంపితే అయోర్టాలోని కొవ్వు పెచ్చులు లేచి మెదడుకు చేరే ప్రమాదముంది. యాక్సిలరీతో ఇంకో లాభం: ఒంటికి రక్తం ఆపాల్సొచ్చినా, ఇన్నామినేట్ ధమని (అయోర్టా నుంచి కుడి చేతికీ, తల కుడివైపుకూ వెళ్లే కొమ్మ) మొదట్లో క్లాంప్ వేసి మెదడుకు మాత్రం నిమిషానికి కిలోకు సుమారు 10 మిల్లీలీటర్లు పంపొచ్చు. మెదడులో ఆక్సిజన్ ఎంతుందో చూపే నుదుటి సెన్సర్లలో ఎడమవైపు ఒక్కటే 20 శాతం పడిపోతే, కుడి నుంచి రక్తం దాటడం లేదన్నమాట. ఎడమ కరోటిడ్‌లో (మెడలోంచి మెదడుకు వెళ్లే ధమనిలో) ఇంకో పైపు పెట్టాల్సిందే. మత్తు ఇవ్వకముందు అంకె రాసుకోకపోతే ఆ 20 శాతాన్ని దేనితో పోలుస్తారు?

చల్లబరచడం మంచిదే. డిగ్రీకి 6-7 శాతం చొప్పున మెదడు ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది, 18 డిగ్రీల దగ్గర రక్తం అందకున్నా అరగంట దాకా ఓర్చుకుంటుంది. అలాగని ఛాతీ తెరవకముందే బాగా చల్లబరిస్తే గుండె ఫిబ్రిలేషన్‌లోకి (కొట్టుకోకుండా ఊరికే వణకడం) పోతుంది. అయోర్టిక్ వాల్వ్ లీకవుతుంటే ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) రక్తంతో ఉబ్బిపోతుంది, దాన్ని ఖాళీ చేసే దారి అప్పటికి ఉండదు.

నా అసలు బాధ మాత్రం తిరిగి వేడెక్కించేటప్పటి తొందర. చల్లబరచడం గురించి అందరూ మాట్లాడతారు, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మిషన్ నుంచి వెళ్లే రక్తం 37 డిగ్రీలు దాటకూడదు. 30 దాటాక నిమిషానికి అర డిగ్రీ మించకూడదు. ముక్కులోని ప్రోబ్ 36 చూపిస్తుంటే మెదడు అంతకన్నా వేడిగా ఉండొచ్చు. రక్తం అందక అలసిన మెదడుకు ఆ కాస్త జ్వరమే చాలు చెడుపు చేయడానికి. ఇంకో ఇరవై నిమిషాలు పట్టినా పట్టనివ్వాలి.